గ్రాహంబెల్ 1878 నాటి ఉత్తరం: మన కాలువల పోలిక సరిపోతుందా?

లంక మాస్టారు:
రాజోలు దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతాను. శనివారం తొమ్మిదో తరగతికి టెలిఫోన్ పాఠం. 1876 మార్చి 10న బెల్ పక్క గదిలో ఉన్న తన సహాయకుడు వాట్సన్‌ని ఫోన్‌లో పిలిచిన కథ పిల్లలకు తెలుసు. నాకు ఇష్టమైనది మాత్రం 1878 మార్చిలో ఆయన లండన్ నుంచి పెట్టుబడిదారులకు రాసిన ఉత్తరం. ఊళ్లో గ్యాసు, నీళ్ల గొట్టాలు ఇంటింటికీ వెళ్లినట్టే ఫోన్ తీగలూ వెళ్తాయని, అన్నీ ఒక ఆఫీసుకు చేరతాయని, అక్కడ ఎవరికి ఎవరు కావాలంటే వారిని కలుపుతారని, ముందుముందు ఊరికీ ఊరికీ తీగలు వేసి దూరాన ఉన్నవాళ్లు నోటితో మాట్లాడుకుంటారని రాశాడు. అప్పటికి ఆయన వయసు 31.

గ్యాస్ గొట్టం అంటే మా పిల్లలకు పొలాల్లోంచి పోయే పెద్ద పైపులే గుర్తొస్తాయి. అందుకే ధవళేశ్వరం నుంచి పెద్ద కాలువ, దాన్నుంచి పిల్ల కాలువ, అక్కణ్ణుంచి చేలోకి బోదె అని చెబుదామనుకుంటున్నాను. బెల్ పుట్టిన 1847లోనే మన ఆనకట్ట పని మొదలైంది కూడా. ఈ పోలిక నిలుస్తుందంటారా?

రిటైర్డ్ లైన్‌మన్:
ఆయ్, బాగుంది మాస్టారూ. కానీ రెండు చోట్ల తేడా కొడుతుంది. నీరు పల్లానికే పోతుంది, మాట అటూ ఇటూ పోవాలి. బోదెలో నీరు అందరిదీ, ఫోన్‌లో ఎవరి మాట వాళ్లదే. ఆ విడదీసే పని ఎక్స్చేంజిది, అంటే బెల్ చెప్పిన ఆ ఆఫీసుది. నేను చేరిన కొత్తలో మీరు ఫోన్ పిడి తిప్పితే మా బోర్డు మీద మీ నంబరు దగ్గర చిన్న రేకు మూత పడేది. ఆపరేటరు ఎవరు కావాలో అడిగి, ఒక త్రాడు మీ కన్నంలో, దాని జత అవతలివాళ్ల కన్నంలో గుచ్చేవారు.

పిల్లలకు పురికొసలివ్వండి. పది మంది ఎవరితోనైనా నేరుగా మాట్లాడాలంటే 45 తీగలు కావాలి. మధ్యలో ఇంకొకణ్ణి ఎక్స్చేంజిగా నిలబెడితే పదే చాలు. వాళ్ల చేతే లెక్కపెట్టించండి.

మామిడికుదురు అమ్మాయి:
ఆ ఉత్తరంలో ఇంకో సంగతి కూడా ఉంది మాస్టారూ. ఈ యంత్రం వాడటానికి ఏ నేర్పూ అక్కర్లేదని. టెలిగ్రాఫ్‌కి మోర్స్ కోడ్ తెలిసినవాళ్లుండాలి కదా. నాకు అన్నిటికంటే పెద్ద మాట అదే.

మా అమ్మ ఇళ్లలో పనికి కువైట్ వెళ్లినప్పుడు నాకు ఆరేళ్లు. అమ్మకి రాయడం రాదు, అమ్మమ్మకి చదవడం రాదు. ఉత్తరం అంటే అక్కడ ఎవరో రాయాలి, ఇక్కడ ఎవరో చదవాలి. ఇద్దరు పరాయివాళ్ల ముందు అమ్మ ఏం చెప్పుకుంటుంది? అందుకే ఊరొచ్చేవాళ్ల చేత క్యాసెట్లు పంపేది. "జడ మరీ బిగించకే, తలనొప్పి వస్తుంది" అని నాకోసం ఒక వైపంతా మాట్లాడేది. తర్వాత డబ్బిచ్చి విదేశాలకు ఫోన్ చేసుకునే ఐఎస్‌డీ బూత్ వచ్చింది. మీటర్లో ఎర్ర అంకెలు పరిగెడుతుంటే అమ్మమ్మ టెన్షన్‌తో "తిన్నావా" తప్ప ఇంకేం అడగలేకపోయేది. అమ్మా నేనూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోయేవాళ్లం.

రిటైర్డ్ లైన్‌మన్:
ఆ తడబాటు ఉపగ్రహం లైన్లలో ఉండేదమ్మా. మాట దాదాపు 36,000 కిలోమీటర్లు పైకెళ్లి దిగాలి. చేరడానికి పావు సెకను, జవాబుకి ఇంకో పావు.

లంక మాస్టారు:
45 తీగల లెక్కతోనే మొదలుపెడతానండి. అమ్మా, ఆ క్యాసెట్లు ఇంకా ఉన్నాయా? మా క్లాసులో నలుగురి అమ్మలు మస్కట్‌లో ఉన్నారు. స్కూల్లో టేప్‌రికార్డరు పనిచేస్తోంది.

మామిడికుదురు అమ్మాయి:
ఒకటి మిగిలింది. జడ సంగతి ఉన్నదే. శుక్రవారం సాయంత్రం తెచ్చిస్తాను.