అప్‌డేట్: 190 టెస్కో షేర్లు 150 ఎలా అయ్యాయంటే

నాన్నగారి పాత స్టేట్‌మెంట్లలో 190 టెస్కో (బ్రిటన్ సూపర్‌మార్కెట్ కంపెనీ) షేర్లు 2021లో ఉన్నట్టుండి 150 అయ్యాయని, మిగతా 40 ఎటుపోయాయని అడిగాను కదా. విషయం తేలింది. థాయ్‌లాండ్, మలేషియా వ్యాపారాలు అమ్మాక ఆ ఫిబ్రవరిలో కంపెనీ షేరుకు 50.93 పెన్స్ స్పెషల్ డివిడెండ్ (షేర్లున్నవాళ్లకు మామూలుగా పంచేది కాక, ఒక్కసారికి ఇచ్చే డబ్బు) ఇచ్చింది. మాకు 96.77 పౌండ్లు. అదే స్టేట్‌మెంట్‌లో కింద వేరే వరుసలో ఉంది, చిన్న అక్షరాల్లో!

అంత డబ్బు బయటికి పోతే షేరు ధర పడుతుంది. పాత ధరతో పోల్చుకోవడానికి వీలుగా ప్రతి 19 పాత షేర్లు తీసేసి, వాటి బదులు 15 కొత్తవి ఇచ్చారు. అందరికీ అదే లెక్క కాబట్టి కంపెనీలో మా వాటా తగ్గలేదు. కానీ డివిడెండ్‌గా వచ్చింది కనుక పన్ను లెక్కలోకి వస్తుంది, వద్దనే వీల్లేదు. అదే నాకు నచ్చలేదు. అప్పట్లో డివిడెండ్ల మీద 2,000 పౌండ్ల దాకా పన్ను మినహాయింపు ఉండబట్టి సరిపోయింది.