వరద గీత ఉన్న ఇల్లు అమ్మాలి, రంగు వేయించే ముందు ఏం చెయ్యాలి?

పెన్నగట్టు అమ్మాయి:
నమస్తే అండీ. నెల్లూరు వెంకటేశ్వరపురంలో మా అమ్మావాళ్ల ఇల్లు అమ్మకానికి పెట్టాం. తూర్పు వాకిలి, మూడు గదులు, పైన మిద్దె. నాన్న పోయి రెండేళ్లయింది, అమ్మ నా దగ్గరికొచ్చేసింది. అప్పట్నుంచీ ఇల్లు మూతబడి ఉంది.

2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు లోపలికి మోకాళ్ల పైదాకా నీళ్లొచ్చాయి. ముందు గదిలో బీరువా జరిపితే ఆ నీటి గీత ఇప్పటికీ ఉంది, డికాషన్ రంగులో, గోడ పొడుగునా. దాని పక్కనే నాన్న పెన్సిల్‌తో తారీఖు రాసిపెట్టుకున్నాడు. గీత కింద తెల్లగా ఉప్పు తేలి, వేలు తగిలితే పిండిలా రాలతా ఉంది.

పెయింటరేమో "లప్పం పెట్టి రెండు కోట్లు వేస్తానక్కా, ఆర్నెల్ల దాకా ఏమీ తెలీదు, ఈలోపు రిజిస్ట్రేషన్ అయిపోద్ది" అంటాడు. తమ్ముడిదీ అదే మాట. నాకు మనసొప్పట్లా. రేపు కొన్నవాళ్లు మా అమ్మానాన్నల్ని తిట్టుకోకూడదు. అట్టాగని ఉన్నది ఉన్నట్టు చూపిస్తే కొనేదెవరు? ఇప్పటికి ఇద్దరొచ్చారు. ఒకాయన గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు. లక్షన్నర దాకా పెట్టగలం. దేని మీద పెట్టమంటారు?

తాపీ మేస్త్రి:
అమ్మా, ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది. ఆ గోడ మీద లప్పం నిలవదు. ఉప్పు ఇటుకలోకి దిగి ఉంది. చెమ్మ తగిలినప్పుడల్లా కరిగి పైకొచ్చి, ఆరేటప్పుడు గడ్డకట్టి రంగుని పెచ్చులుగా నెట్టేస్తుంది. గీతకి ఒక అడుగు పైదాకా పూత చెక్కించెయ్. ఇటుక బయటపడ్డాక ఉప్పుని పొడిగానే బ్రష్‌తో రుద్ది ఊడ్చెయ్యాలి. నీళ్లు కొట్టారంటే మళ్లీ లోపలికే పోతుంది. కిటికీలన్నీ తీసి నెలన్నా ఆరనివ్వు, ఆ తర్వాతే కొత్త పూత. మన నెల్లూరుకి పెద్ద వానలు అక్టోబరు దాటాకే కాబట్టి ఎండాకాలం నుంచి ఆషాఢం దాకా నీకు టైముంది. ఆషాఢంలో ఇళ్లు చూసేందుకు ఎట్టాగూ ఎవరూ రారు.

ద్వారబంధాల అడుగున సుత్తితో తట్టి చూడు. డొల్లగా మోగితే చెదలు పట్టినట్టే. నీళ్లలో మునిగిన స్విచ్చులు, ప్లగ్గులు మార్పించెయ్, అక్కడ పొదుపు చెయ్యొద్దు. ఇంకోటి, వీధిలో సిమెంటు రోడ్డు వేశాక మీ గుమ్మం కన్నా రోడ్డే ఎత్తయిందేమో చూసుకో. అట్టయితే చిన్న వానకి కూడా నీళ్లు లోపలికొస్తాయి. రంగు కన్నా ముందు వాకిట్లో గట్టు కట్టించు.

ఒంగోలు కోడలు:
మేము పోయినేడు ఒంగోల్లో ఇల్లు కొన్నామక్కా. పన్నెండు చూశాం. కొత్త రంగు వాసనొస్తే చాలు, మా మామగారు నేరుగా బీరువా వెనక్కి వెళ్లి చూసేవారు. ప్రతి ఇంట్లో బోరు నీళ్లు పుక్కిలించి ఉప్పో చప్పో చూసేవారు. చివరికి కొన్న ఇంట్లో వంటగట్టు మీది చీమకుర్తి గ్రానైటు పాతదే, కానీ జిడ్డు లేకుండా తోమి ఉంది. సింకు కింద చెక్క ఉబ్బిందని ఆ ఇంటావిడ తనే తలుపు తీసి చూపించింది. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పినా నమ్మాం.

మీ ఇంట్లో వాసన వరదది కాకపోవచ్చు. మూసిన ఇంట్లో బాత్రూమ్ జాలీ కింద నిలవుండే నీళ్లు ఎండిపోతే డ్రైనేజీ కంపు లోపలికొస్తుంది. రెండు బకెట్లు పోసి చూడండి. సంపు కూడా కడిగించండి.

దస్తావేజుల పని:
ఆస్తి బదిలీ చట్టం, 1882, సెక్షన్ 55 చూడండి. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసుంటే చెప్పి తీరాలి. లప్పం కింద దాస్తే రేపు అది మీ తమ్ముడి మెడకే చుట్టుకుంటుంది. ఇల్లు నాన్నగారి పేరున ఉంటే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకోండి. అమ్మగారు, మీరిద్దరూ సంతకాలు పెట్టాలి. లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), ప్లాను, ఇంటి పన్ను రసీదులు ఒక ఫైల్లో జెరాక్స్ తీసి ఉంచండి. లోను మీద కొనేవాళ్లు ముందు అడిగేది అదే.

పెన్నగట్టు అమ్మాయి:
రెండు నెలల తర్వాత రాస్తున్నా. జాలీలో నీళ్లు పోసిన రోజే సగం కంపు పోయింది, ఆ అక్కకి దణ్ణం. పూత చెక్కించాం, వైరింగ్ మార్పించాం, వాకిట్లో గట్టు లేపాం. లక్షా ముప్పై వేలయింది. ఇంక రంగు వెయ్యాలి. మొన్న కోవూరు నుంచి ఒకాయన భార్యతో వచ్చాడు. నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో నేనే చెయ్యి పెట్టి చూపించా. "మా ఇంట్లోకీ వచ్చాయిలేమ్మా" అని, గోడ కాసేపు తడిమి చూసి, మళ్లీ ఆదివారం వాళ్ల నాన్నని తీసుకొస్తానన్నాడు.

పెన్సిల్ రాత ఉన్న చోట మాత్రం చుట్టూ ఉలితో కోసి తియ్యమని కూలీని బతిమాలా. రెండు ముక్కలయింది. అమ్మ ఆ రెండూ పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టుకుంది.