ఫీజుకు ఒకే పరిమితి పెడితే ఊళ్లోని ప్రైవేటు బడి నిలుస్తుందా?

కరస్పాండెంట్, పరకాల ప్రాంతం:

తెలంగాణలో ప్రైవేటు బడుల ఫీజుల నియంత్రణ చట్టం గురించి ఎవరు అడిగినా, ఉమ్మడి వరంగల్ జిల్లాలో చిన్న ప్రైవేటు బడులను నడిపే కరస్పాండెంట్లం ఇంతకాలం "వద్దు" అని ఒక్క ముక్కలో చెబుతూ వచ్చాం. ఆ జవాబు చాలదని ఒప్పుకుంటూనే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. చట్టం రావలసిందే. అయితే అది ఫీజుకు ఒక అంకె కట్టి ఊరుకోకుండా, ప్రతి బడి జమాఖర్చులను చూసి నిర్ణయించేదిగా ఉండాలన్నది నా వాదన.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో 53వ నంబరు జీవోతో గ్రామ పంచాయతీల్లోని ప్రైవేటు బడులకు ప్రాథమిక స్థాయిలో ఏడాదికి 10,000 రూపాయలు, ఉన్నత స్థాయిలో 12,000 రూపాయలు అని గిరి గీశారు. సొంత భవనం ఉన్నవారికీ అద్దె కట్టేవారికీ, బీఈడీ చేసిన టీచర్లను పెట్టుకున్నవారికీ ఇంటర్ చదివినవారితో నెట్టుకొచ్చేవారికీ అదే అంకె వర్తించింది. ఆ జీవోను అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు కొట్టివేసింది. ఇక్కడ తెలంగాణలోనూ అదే దారి పడితే మళ్లీ కోర్టుల చుట్టూ తిరగడమే మిగులుతుంది.

మా బడిలో 340 మంది పిల్లలు, 22 మంది సిబ్బంది ఉన్నారు. సగటు ఫీజు 18,000 రూపాయలు. బడి జూన్‌లో తెరుస్తాం కానీ, ఫీజు పత్తి అమ్ముడయ్యాకే వస్తుంది. కిందటి డిసెంబరులో ఒక తండ్రి వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి నేరుగా మా ఆఫీసుకు వచ్చి, తక్‌పట్టీని (పత్తి అమ్మిన రసీదును) బల్ల మీద పరిచి, తేమ పేరుతో ధర ఎంత తగ్గించారో, అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) పాత బాకీ కింద ఎంత పట్టుకున్నాడో వేలితో చూపించి, మిగిలిన దాంట్లోంచి 6,000 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చారు. ఆయనను ఇంకా ఇవ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఈలోగా జీతాలు, డీజిల్, బస్సుల ఫిట్‌నెస్ ఖర్చులు ఆగవు కాబట్టి ఆ ఆరు నెలలూ వడ్డీకి తెచ్చి నడుపుతున్నాను.

ఇద్దరు పిల్లల తండ్రి, నర్సంపేట:

కరస్పాండెంట్ గారూ, మీ కష్టాన్ని నేను కాదనను. కానీ మీ వంటివారిని ముందు నిలబెట్టి పెద్ద బడులు తప్పించుకుంటున్నాయన్నది మా బాధ. ఫీజుల నియంత్రణపై ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీని 2017లో వేశారు, నివేదిక కూడా వచ్చింది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా మా చేతికి చట్టమేదీ రాలేదు. 2020లో కరోనా సమయాన 46వ నంబరు జీవో ఇచ్చి, ఆ ఏడాది ఫీజు పెంచవద్దనీ, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలవారీగా తీసుకోవాలనీ ప్రభుత్వం ఆదేశించింది. మా పిల్లలు అప్పుడు చదివిన బడిలో ట్యూషన్ ఫీజు అన్న పేరు కిందికే తక్కినవన్నీ చేర్చి రసీదు ఇచ్చారు. ఇప్పుడు బోర్డు మీద "ఐఐటీ ఫౌండేషన్" అన్న రెండు మాటలు చేర్చి, ఆరో తరగతి పిల్లవాడికి ఆ పుస్తకాల పేరుతో విడిగా వసూలు చేస్తున్నారు. అంకె వద్దంటున్నారు సరే, మరి జమాఖర్చులు చూపించేదెవరు, చూసేదెవరు?

సైన్స్ టీచర్, హన్మకొండ:

ఫీజు కట్టేవారూ, తీసుకునేవారూ మాట్లాడారు. ఆ ఫీజుతో బతికేవాళ్ల మాట కూడా వినండి. లెక్కలు చూపించడానికి కొత్త చట్టం దాకా ఆగనక్కరలేదు. 1994 నాటి ఒకటో నంబరు జీవో ప్రకారమే వసూలైన ఫీజులో 50 శాతం సిబ్బంది జీతాలకు, 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ వంటి వాటికి పోవాలి. యాజమాన్యం తన ఆదాయంగా తీసుకోగలిగింది 5 శాతం. నేను పదకొండేళ్లలో మూడు బడుల్లో పనిచేశాను, ఈ జీవో ప్రతిని ఏ స్టాఫ్ రూములోనూ చూడలేదు. రెండు చోట్ల వేసవి జీతం ఇవ్వలేదు.

2024 డీఎస్సీలో 11,062 ప్రభుత్వ టీచర్ పోస్టులు ప్రకటించి, అక్టోబరులో నియామక పత్రాలు ఇచ్చినప్పుడు మా బడి నుంచి ఒకేసారి నలుగురు వెళ్లిపోయారు. పదో తరగతి గణితం సంక్రాంతి దాకా ముగ్గురి చేతులు మారింది. వెళ్లినవారిని నేను తప్పుపట్టను, వారికి బతుకు దొరికింది. విద్యా సంవత్సరం మధ్యలో టీచరు పోతే పిల్లలు ఏమవుతారన్నది మాత్రం ఫీజు ఎంత అన్నదానికంటే పెద్ద ప్రశ్న.

కరస్పాండెంట్, పరకాల ప్రాంతం:

సైన్స్ టీచర్ మేడం అన్నది న్యాయం. మా బడి లెక్కనే ఆ జీవోతో కొలిచి చూస్తాను. పూర్తిగా వసూలైతే ఏడాదికి 61,20,000 రూపాయలు రావాలి. అందులో సగాన్ని 22 మందికి, 12 నెలలకు పంచితే ఒక్కొక్కరికి నెలకు సుమారు 11,590 వస్తుంది. కానీ మాకు చేతికందేది నూటికి ఎనభై వంతులే. అప్పుడు ఆ జీతం 9,270 దగ్గర ఆగుతుంది. ఈ జీతానికి బీఈడీ చేసిన మనిషి ఎన్నాళ్లు ఉంటారు? ఫీజు పెంచితే పిల్లలు గురుకులానికో, బస్సు ఎక్కి హన్మకొండకో పోతారు. పెంచకపోతే టీచర్లు పోతారు. నేను నిజంగా నలుగుతున్నది ఇక్కడే.

నిర్వహణకు, అభివృద్ధికి సరిపడా మిగులు ఉండవచ్చనీ, లాభార్జన మాత్రం కూడదనీ ప్రైవేటు విద్యాసంస్థల గురించిన టీఎంఏ పాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మిగులు ఎంతో బయటపెట్టాల్సిన బాధ్యత మాదే. వచ్చే జూన్‌లో మా నోటీసు బోర్డు మీద వసూళ్లు, జీతాల మొత్తం, నేను కట్టిన వడ్డీ, మూడింటినీ పెడతాను. పెద్ద బడులు కూడా పెట్టేలా చేయడం జిల్లా స్థాయిలో తల్లిదండ్రులకు చోటున్న కమిటీకే సాధ్యం.

ఇద్దరు పిల్లల తండ్రి, నర్సంపేట:

ఆ బోర్డు మీద పుస్తకాలు, యూనిఫాం అమ్మకంలో బడికి మిగిలేది కూడా రాయండి సార్. ఇంకొక మాట. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపే బడులున్నాయి. ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు టీసీ వెంటనే ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది. మీ దగ్గర బాకీలో ఉన్న ఇళ్ల పిల్లలకు మీరు ఇస్తున్నారా?

కరస్పాండెంట్, పరకాల ప్రాంతం:

పుస్తకాల మీద మిగిలేది కూడా రాస్తాను. టీసీ విషయంలో ఐదో తరగతి దాకా ఇస్తున్నాను. ఆరు నుంచి ఎనిమిది వరకు కిందటి ఏడాది ముగ్గురివి ఆపాను, అది తప్పే. సోమవారం ఆ మూడు ఇళ్లకు కబురు పంపుతాను.