ఆరోగ్యశ్రీ ఉండగా నాన్నకి ప్రైవేటు ఇన్సూరెన్స్ కూడా తీసుకోవాలా?

మాది వరంగల్ దగ్గర పల్లె, తెల్ల రేషన్ కార్డు ఉంది. నాన్నకి 63 ఏళ్లు, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు కదా, ఇంకా వేలకు వేలు ఎవరికో కట్టడమెందుకురా అంటాడు ఆయన. నాకేమో టెన్షన్, ఆరోగ్యశ్రీ జాబితాలో లేని జబ్బొస్తే, లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఆ పథకంలో లేకపోతే జేబులోంచే పెట్టుకోవాలి. పోనీ ప్రైవేటు పాలసీ తీసుకుందామంటే, ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చంట, అంటే అప్పటిదాకా వాటి ఖర్చు ఇవ్వరు! (2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు, అదొక్కటే ఊరట.) పెద్దవాళ్ల ఉచిత వైద్యానికి కేంద్రం ఇచ్చే వయ వందన కార్డేమో 70 నిండితేగానీ రాదు.

ఆరోగ్యశ్రీ మీద స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, చేతి నుంచి ఎంత పడింది? రెండూ ఉన్నవాళ్లు ముందు ఏది వాడారు?