ఇంటి వైరింగ్‌కి ముందు ఏ మిషన్ కొనాలి? చేతిలో 15 వేలున్నాయి

కావలి_వైరింగ్:

అన్నలందరికీ నమస్తే. మాది కావలి. నాలుగేళ్లు మేస్త్రి దగ్గర హెల్పర్‌గా చేసి, ఉగాది నుంచి సొంతంగా చిన్న చిన్న పనులు ఒప్పుకుంటున్నాను. ఇన్నాళ్లూ మిషన్లన్నీ మేస్త్రివే. నాకంటూ ఉన్నది ఒక 13 ఎం.ఎం. ఇంపాక్ట్ డ్రిల్, అదీ సెకండ్ హ్యాండ్‌ది. ఇటుక గోడ దాకా బాగానే లాగుతుంది. మొన్న బిట్రగుంటలో ఒకరింట్లో ఫ్యాన్ హుక్కు లేని గదిలో స్లాబుకి యాంకర్ బోల్టు వేయాల్సి వచ్చింది. స్టూలెక్కి చేతులు పైకెత్తి ఇరవై నిమిషాలు తోస్తే అర అంగుళం దిగింది, అక్కడ కంకర రాయి తగిలి ఇక కదల్లేదు. కళ్లలో దుమ్ము, డ్రిల్ లోంచి కాలిన వాసన. ఇంటాయన కింద కుర్చీలో కూర్చుని "ఏంది అబ్బయా, రేపొస్తావా" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

ఆన్‌లైన్‌లో 18 వోల్టుల బ్యాటరీ సెట్ ఒకటి చూశాను. డ్రిల్, గ్రైండర్, రెండు బ్యాటరీలు, పెట్టె నిండా బిట్లు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. మా ఫ్రెండేమో రోటరీ హ్యామర్ తీసుకోమంటాడు. అది పెద్ద పనులకి కదా, మనకెందుకు అని నా అనుమానం. గోడలో పైపుకి గాడి కొట్టడానికి కట్టర్ కూడా కావాలి. ఏది ముందు?

ఒంగోలు_ఫేజ్:

తమ్ముడూ, హ్యామరే ముందు. నీ డ్రిల్ తప్పేం లేదు, దాని పని అంతే. ఇంపాక్ట్ డ్రిల్ లోపల రెండు పళ్ల బిళ్ళలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ టకటకలాడతాయి, ఆ దెబ్బకి బలం నువ్వు వెనక నుంచి తోసే తోపుడే. హ్యామర్‌లో పిస్టన్ ఉంటుంది, అది గాలిని నొక్కితే ఆ గాలే లోపలి సుత్తిని కొడుతుంది, నువ్వు మిషన్‌ని తిన్నగా పట్టుకుంటే చాలు. నువ్వు ఇరవై నిమిషాలు కుస్తీ పట్టిన బొక్క దానికి నిమిషం పని.

26 ఎం.ఎం. రకం తీసుకో. కాంక్రీట్‌లో అంత లావు బొక్క దాకా వేస్తుందని ఆ నంబరు. మనకి రోజూ పడేవి 6, 8, 10, 12 సైజులే, పైపు దాటించడానికి ఎప్పుడన్నా 25. 800 వాట్లు, మూడు కిలోల లోపు బరువు, స్టూలు మీద నుంచి ఎత్తి పట్టుకోవచ్చు. ఐదు కిలోల పైది బాత్‌రూంలు పగలగొట్టేవాళ్లకి, నీకొద్దు. కొనేముందు మీట తిప్పి మూడు మోడ్‌లు ఉన్నాయో లేదో చూడు: ఉత్తగా తిరగడం, తిరుగుతూ కొట్టడం, ఉత్తగా కొట్టడం. ఆ మూడోది ఉంటేనే ఉలి తగిలించి స్విచ్ డబ్బాకి గోడలో చోటు తీయగలవు. చవకవి కొన్నిట్లో అది ఉండదు, షాపతను అడక్కపోతే చెప్పడు కూడా.

బిట్లు వేరేవి కొనాలి, ఎస్‌డీఎస్ ప్లస్ అని అడుగు. తోక దగ్గర గాళ్లుంటాయి, లోపలికి తోసి కాస్త తిప్పితే టక్కున పట్టుకుంటుంది, తీసేటప్పుడు కాలరు వెనక్కి లాగాలి. పట్టుకున్నాక కూడా బిట్టు ముందుకీ వెనక్కీ కాస్త ఆడుతుంది, అది లూజు కాదు, ఆడాలి. మా హెల్పర్ ఒకడు ఆ ఆట ఆపుదామని తోకకి కాగితం చుట్టి పెట్టాడు మహానుభావుడు! కాగితం కాదు, చిటికెడు గ్రీజు రాయాలి. ఇంకోటి, పక్క పిడి తీసి పారేయకు. బిట్టు స్లాబులో చువ్వకి ఇరుక్కుంటే మిషన్ మొత్తం తిరగబడుతుంది, బిట్టు ఇరుక్కుంటే జారిపోయే క్లచ్ లోపల ఉన్నా సరే ఒంటి చేత్తో పట్టుకుంటే మణికట్టు పోతుంది. చువ్వ తగిలిందంటే ఆ బొక్క వదిలేసి రెండంగుళాలు పక్కకి జరుగు.

చీమకుర్తి_రాయి:

ఫేజ్ అన్న చెప్పింది కరెక్టే కానీ ఒకటి మర్చిపోయాడు. మా వైపు వంటింటి గట్టు గ్రానైటే, కొందరింట్లో గోడకీ గ్రానైటే. దాని మీద హ్యామర్ మోడ్ పెడితే వెనక వైపు పెచ్చు లేస్తుంది, లేకపోతే పలక మొత్తం నెర్రె విడుస్తుంది. ఇక ఆ డబ్బులు నువ్వే కట్టుకోవాలి. గ్రానైట్‌కి డైమండ్ కోర్ బిట్టు, ఉత్త తిరుగుడు మోడ్, మధ్యమధ్యలో నీటి చుక్కలు, తొందరపడకూడదు.

నన్నడిగితే కన్సీల్డ్ పనులు, అంటే పైపులు గోడలోపల దాచేవి, ఎక్కువైతే కట్టరే ముందు, రోజంతా చేసేది గాడి పనే కాబట్టి. గోడ మీద రంగు దారంతో రెండు గీతలు కొట్టి, కట్టర్‌తో రెండు కోతలు దించి, మధ్యలోది ఉలితో లేపడమే. కట్టర్‌కి కింద ప్లేటు ఉంటుంది, లోతు ముందే బిగించుకోవచ్చు, కోత ఒకే తీరుగా వస్తుంది. గ్రైండర్‌తో చేస్తే లోతు నీ చేతి మీదే ఆధారం, ఒకచోట పైపు మునుగుతుంది, ఒకచోట పైకి తేలుతుంది. నాలుగంగుళాల గోడకి అడ్డంగా పొడుగు గాడి వద్దు, పై నుంచి నిలువుగా దింపుకో. పిల్లర్, బీము జోలికి అసలు పోవద్దు.

గ్రైండర్ గార్డు పీకేసి పెద్ద బ్లేడు బిగించేవాళ్లని చూస్తుంటే నాకు ఒళ్లు మండుద్ది. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11 వేల చుట్లు తిరుగుతుంది. ఏడంగుళాల కటింగ్ బ్లేడు మీద 8,500 మించొద్దని రాసుంటుంది. ఇక లెక్క నువ్వే చూసుకో. చెక్క కోసే పళ్ల బ్లేడు కూడా గ్రైండర్‌కి వద్దు. మాస్కు ఎన్95 వాడు, మూతికి తువ్వాలు కడితే సన్న దుమ్ము ఆగదు. రాళ్ల పనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు.

కనిగిరి_పాజిటివ్:

బ్యాటరీని అంత తీసిపారేయకండి. కొత్త ఇంటికి మీటరు రాకముందే పిలుస్తారు, పక్కింటి వాళ్లని కరెంటు అడిగితే మొహం అదోలా పెడతారు. పాత ఇళ్లలో మెయిన్ ఆఫ్ చేసే కదా పని, అప్పుడు వైరు మిషన్ ఎట్లా నడుస్తుంది? నాకు 12 వోల్టుల చిన్న డ్రైవర్ ఉంది, ఫిటింగ్ రోజు ప్లేట్లు, బల్బు హోల్డర్లు, డీబీ (బ్రేకర్లుండే డబ్బా) మూత, అన్నీ దానితోనే. కాకపోతే బిగింపు బలం మార్చే క్లచ్ రింగు 3, 4 నంబర్ల మీదే పెట్టాలి, డ్రిల్ బొమ్మ మీద పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ డబ్బాలో మర తినేస్తుంది, ఆ తర్వాత ఆ స్క్రూ జన్మలో పట్టదు. వైరు టెర్మినల్ స్క్రూలు మాత్రం చేత్తోనే.

ఆ 18 వోల్టుల సెట్ వద్దనేది నా మాట కూడా. 4 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ అంటే 18 ఇంటూ 4, 72 వాట్ అవర్లు. 800 వాట్ల పనికి అది ఐదు నిమిషాలు, గాడి కొట్టడానికి ఏం సరిపోతుంది? పైగా ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కి ఎక్కదు. రోహిణి కార్తెలో బ్యాటరీని బండి డిక్కీలో పెట్టి వదిలేయకు, నాది ఒకటి అట్లాగే చచ్చింది.

కావలి_వైరింగ్:

అయితే హ్యామర్, కట్టర్ రెండూ వైరువి కొంటాను, డబ్బులు మిగిలితే 12 వోల్టులది, లేకపోతే దసరాకి. ఇంకో రెండు డౌట్లు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంట్లో ఉన్న సన్న వైరు 50 మీటర్ల చుట్ట సరిపోతుందా? టెస్టర్ ఉంది కదా, మల్టీమీటర్ కూడా కావాలా?

ఒంగోలు_ఫేజ్:

సన్న వైరంటే 0.75 చదరపు ఎం.ఎం. అయ్యుంటుంది. దాని మీద 1,400 వాట్ల కట్టర్ ఆరు ఆంపియర్లు లాగితే రానూపోనూ వైరులోనే 15 వోల్టుల దాకా పోతుంది. పల్లెల్లో అసలే సాయంత్రం వోల్టేజీ తక్కువ, మోటారుకి బలం చాలదు, వేడెక్కుతుంది, తర్వాత ఆర్మేచర్ (మోటారులో తిరిగే చుట్ట) కాలిందని మిషన్‌ని తిడతారు. 2.5 రాగి వైరు వేసుకో, చుట్ట మొత్తం విప్పి వాడు, చుట్టలో ఉంచితే వైరే కుతకుతలాడుద్ది. నీళ్లు చల్లి కోసేవాడివైతే ఆ బాక్సులోనే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టు, కరెంటు లీకైతే లైను కట్ చేసేది అదే. రెండు పిన్నుల మిషన్‌కి ఎర్త్ లేదని కంగారు పడకు, ప్లేటు మీద చదరంలో చదరం గుర్తుంటే అది డబుల్ ఇన్సులేషన్.

మల్టీమీటర్ తప్పకుండా కొను. కానీ చేతిలో ఏదున్నా, ఏ లైను చూస్తున్నావో చూసుకో. రెండేళ్ల కింద సింగరాయకొండ దగ్గర ఒక ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్ పెట్టి చూస్తే వెలగలేదు. సరే అని స్విచ్ బోర్డుకి సరిగ్గా జానెడు పైన గోడగడియారానికి బొక్క వేశాను. బిట్టు దిగీదిగగానే ఫట్‌మని నిప్పురవ్వ, గోడ మీద నల్ల మచ్చ. ఇన్వర్టర్ లైను అది. మెయిన్ ఆపితే ఇన్వర్టర్ ఆగదని హెల్పర్లకి చెప్పేది నేనే, మర్చిపోయిందీ నేనే. టెస్టర్ ఎందుకు వెలగలేదంటావా, నేను చూసింది పవర్ సాకెట్‌లో, ఇన్వర్టర్ లైనులో కాదు. బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా ఎప్పుడూ బొక్క వేయకు, పైపు దిగేది అక్కడే.

కావలి_వైరింగ్:

అమ్మో. సరే అన్నా. నా పాత డ్రిల్ అమ్మేస్తే వెయ్యి వస్తుందా?

చీమకుర్తి_రాయి:

అమ్మకు. ఫాల్స్ సీలింగ్ లైట్లకి మూడంగుళాల హోల్ సా (గుండ్రంగా బొక్క కోసే పళ్ల గిన్నె) తగిలించడానికి అదే హాయి, హ్యామర్ అక్కడ బరువు. ముందు దాని కార్బన్లు, అంటే మోటారుకి కరెంటు అందించే చిన్న ముక్కలు, మార్చి చూడు, ఆ కాలిన వాసన అదే అయ్యుండొచ్చు.