గుడ్డను చూసి పత్తి ఎక్కడ పండిందో చెప్పే టెస్ట్ ఉందా?

తిరుపూర్_మాధవి: అమెరికా బయ్యర్ మా టీషర్టులకు ఐసోటోప్ రిపోర్ట్ అడుగుతున్నాడు. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతం పత్తి కాదని రుజువు కావాలట. వెట్టిచాకిరీ అనుమానంతో షిన్‌జియాంగ్ సరుకును ఆపే చట్టం 2022 జూన్ నుంచి అమెరికాలో అమల్లో ఉంది కదా. కంటైనర్ పోర్టులో ఆగితే అని ఒకటే టెన్షన్. మిల్లు బిల్లులు చాలవా? డీఎన్‌ఏ టెస్ట్ సరిపోతుందా? ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?

గుంటూరు_జిన్నింగ్: బిల్లుల సంగతి నన్నడగండి. పల్నాడు, ప్రకాశం, అటు ఆదిలాబాద్ పత్తి కూడా మా దగ్గర ఒకే కుప్పలో పడుతుంది. బేలు కట్టాక ఏ ఊరిదని రాసివ్వాలి?

బట్టలకొట్టు_30ఏళ్లు: రెండు దారాలు లాగి వెలిగించండి. కాగితం కాలిన వాసన, నలిపితే పొడయ్యే బూడిద వస్తే పత్తి. పూసలా గట్టిపడితే పాలిస్టర్. నాకు ఒక్కసారీ తప్పలేదు.

ల్యాబ్_లలిత: అన్నా, ఆవిడ అడిగింది ఎక్కడి పత్తి అని. షిన్‌జియాంగ్ పత్తి కాల్చినా అదే వాసన. డీఎన్‌ఏ కూడా జాతినే చెబుతుంది. అక్కడైనా ఇక్కడైనా ఎక్కువగా పండేది హిర్సుటం అనే జాతి పత్తే. పైగా బ్లీచింగ్, అద్దకం అయ్యాక డీఎన్‌ఏ ముక్కలవుతుంది. ఐసోటోప్ (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న అణువులు) టెస్ట్ అలా కాదు. మొక్క తాగిన నీటిలోని ఆక్సిజన్, హైడ్రోజన్ గుర్తు పీచులో ఉండిపోతుంది. సముద్రానికి దూరం, ఎత్తు, వాతావరణాన్ని బట్టి అది మారుతుంది.

బట్టలకొట్టు_30ఏళ్లు: మీ మిషన్లు రాకముందు నుంచీ మేం గుడ్డను పోలుస్తున్నాం. అనుభవాన్ని తీసిపారేయకండి.

పొందూరు_కోడలు: డీఎన్‌ఏని అంత తేలిగ్గా కొట్టేస్తే ఎలా? మా అత్తయ్య వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వుతుంది. ఆ సన్నటి పళ్లలో చెత్త చిక్కుకుని, పీచు ఒక్కటే తెల్లగా జారుతుంది. పోయిన నెల ఒక షాపులో మిల్లు పంచెను పొందూరు ఖాదీ అని అమ్ముతుంటే ఏడుపొచ్చింది.

ల్యాబ్_లలిత: మీ విషయంలో డీఎన్‌ఏనే కావాలమ్మా. మీ కొండపత్తి దేశవాళీ అర్బోరియం జాతి, దానికి 26 క్రోమోజోములు. మిల్లుల్లో ఎక్కువగా వాడే హిర్సుటంకి 52. రంగు వేయని నూలు ఇస్తే తేడా దొరుకుతుంది.

గుంటూరు_జిన్నింగ్: మరి నాలుగు చోట్ల పత్తి కలిస్తే మీ ఐసోటోప్ ఏం చెబుతుంది?

ల్యాబ్_లలిత: సగటు వస్తుంది, గందరగోళమే. అందుకే కలవకముందు, బేలు దగ్గరే నమూనా తీయాలి. పోల్చడానికి ఆయా ప్రాంతాల అసలు నమూనాలు కూడా ఉండాలి.

గుంటూరు_జిన్నింగ్: సీజన్లో లారీలు గేటు దగ్గర బారులు తీరితే బేలు బేలుకీ నమూనా ఎవడు తీస్తాడు మేడమ్!

తిరుపూర్_మాధవి: తీయాల్సిందే అండీ, సరుకు వెనక్కొస్తే నష్టం మనందరిదీ. ఖర్చు మాట ఎవరూ చెప్పలేదు.

పొందూరు_కోడలు: లలిత గారూ, పంచె అంచు దారం చాలా, కండె మొత్తం పంపాలా?