రిప్లీ రెండో నవల మొదలుపెట్టాలా, ఇక్కడితో ఆపేయాలా?

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ప్యాట్రీషియా హైస్మిత్ రాసిన ‘ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ’ పాత కాపీ దొరికింది. 1955 నాటి నవల. ఊడిన అట్టకి టేపు వేశాను. ఇప్పుడది మా అపార్ట్‌మెంట్‌లో నలుగురి చేతులు మారింది, గొడవ మొదలైంది.

(చదవనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) పడవలో హత్య దగ్గర పాత ఓనరెవరో పెన్సిల్‌తో ‘అయ్యో’ అని రాసుకున్నారు. దాని కిందే మా వదిన ‘వీడు దొరక్కూడదు దేవుడా’ అని రాసింది! పై ఫ్లోర్ మాస్టారేమో హంతకుడి పక్కన నిలబడి చదవడం తన వల్ల కాదని సగంలో మూసేశారు. నాకైతే పోలీసులు వచ్చినప్పుడల్లా వాడికంటే నాకే ఎక్కువ టెన్షన్.

రిప్లీ నవలలు మొత్తం ఐదట, రెండోది 1970లో వచ్చింది. చదివినవాళ్లు చెప్పండి: వరసగానే చదవాలా, ఏది దొరికితే అది పట్టుకోవచ్చా? రెండోదాంట్లోనూ ఇదే బిగువు ఉందా? మాస్టారిని మళ్లీ దారికి తెచ్చే క్రైమ్ నవల ఏదైనా ఉంటే అదీ చెప్పండి. తెలుగులో ఉంటే ఇంకా మేలు, మా అత్తయ్య కూడా క్యూలో ఉన్నారు.